పళ్లెంలో లేని తిండి

"పెద్దమ్మా, ఈ ఫోటోలు చూస్తే నువ్వు కోడిపిల్లంత తింటుండావు. మరి పదిహేను రోజుల్లో రెండు కిలోలు ఎట్ల పెరిగినావు?"

తిండి అదుపులో పెట్టుకోవడానికి తను తయారుచేసిన యాప్‌ను జెస్సీ పదిహేను రోజుల కిందటే పెద్దమ్మ ఎలీషబా ఫోన్‌లో ఎక్కించింది. ఎనిమిది కిలోలు తగ్గితేగాని పెద్దమ్మకు మోకాలి ఆపరేషన్ చేయనన్నాడు డాక్టరు.

"పళ్లెంలో పెట్టుకున్నప్పుడల్లా ఫోటో తీయమన్నావు, తీసినా. తప్పేమన్నా ఉంటే నీ యాప్‌దే."

"పళ్లెంలో పెట్టుకోకుండా ఏమన్నా తిన్నావా?"

"లేదమ్మా. గిన్నెలు తోమేముందు మీ పెదనాయన వదిలిన ముద్ద, పిల్లోళ్లు కొరికిపెట్టిన గుడ్డు, అడుగున మిగిలిన సంగటి నోట్లో వేసుకుంటా, అంతే."

"అది తినడం కాదా?"

"అది తిండెట్లవుతాది? ప్రార్థన చేసిన అన్నం పారబోస్తామా ఏంది?"

"పూటకు ఎంతమంది వదుల్తారు?"

ఎలీషబా వేళ్లు మడిచి చూసుకుంది. "నేను గాక ఆరుగురు."

యాప్‌లో 'ఎందుకు తిన్నారు?' అన్న ప్రశ్నకు ఆకలి, దిగులు, విసుగు అని మూడే జవాబులున్నాయి. పెద్దమ్మ చెప్పింది వాటిలో లేదు. జెస్సీ లేచి, వరండాలో చెయ్యి కడుక్కుంటున్న పెదనాయన శ్యాంసన్ దగ్గరికి వెళ్లింది.

"నీ ఫోన్ ఇట్లియ్యి పెదనాయనా, యాప్ ఎక్కిస్తా."

"నాకెందుకమ్మా? నేను సన్నగానే ఉండా గదా."

"అందుకే. రేపట్నుంచి నువ్వు తిని లేచినాక నీ పళ్లెం ఫోటో తీసి నాకు పంపు."