కృష్ణుడికి ఎకో

"ఎకో పెట్టినావంటే నేను స్టేజీ ఎక్కేదే లే పాపా" అన్నాడు తిమ్మన్న, మొహానికి నీలం రంగు పూసుకుంటూ.

కీబోర్డు ముందు కూర్చున్న శివకుమారి తలెత్తలేదు. "రవ్వంత పెడతా మామా. గొంతు నున్నగా వస్తాది."

"నా గొంతులో గరుకు యాడుండాది? కృష్ణుడు పద్యం పాడితే అది నా గొంతే కావల్ల. నీ పెట్టె గొంతు కాదు" అని, కిరీటం తెచ్చుకోవడానికి తెర వెనక్కి పోయాడు.

ఆయన అటు పోగానే నాటకం కంపెనీ పెద్ద దేవేంద్రప్ప ఇటొచ్చాడు. గొంతు తగ్గించి, "సూడమ్మా, పోయినసారి ఆయప్పకు రాగం మధ్యలోనే ఊపిరి అందలేదు. ఈ పొద్దు గూడా ఆగితే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తా. మొగమాటమేం లే" అన్నాడు.

శివకుమారికి ఆ మాట మింగుడుపడలేదు. కోడుమూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో నాటకమాడినా కృష్ణుడంటే తిమ్మన్నే. పద్యం చివర రాగం లాగడంలోనే ఆ వేషం ప్రాణమంతా ఉంది. రాగం నిలబడితే జనం 'వన్స్ మోర్' అంటారు, కృష్ణుడు కథ ఆపి మళ్లీ పాడాల్సిందే. తెగితే ఈలలు వేస్తారు. అంతటి మనిషిని గుక్కెడు ఊపిరి కోసం ఇంటికి పంపుతారా? అదీ తానుండగా? చేతిలో విద్య పెట్టుకుని ఆయన్ను అడుగుతూ కూర్చోవడం దండగ అనుకుంది.

తిమ్మన్న మైకు వైరు కీబోర్డులోకే వస్తుంది. లోపలి నుంచి గొంతు ఉన్నదున్నట్టు పెద్ద బాక్సులకు పోతుంది. శివకుమారి దాని పక్కనుంచి ఇంకో దారి తీసి, అందులో ఎకో పెట్టింది, చేనికి నీళ్లు మడవ తిప్పినంత సులువుగా. ఇక పద్యం చివర ఆయన ఊపిరి తీసుకున్నా రాగం సాగుతూనే ఉంటుంది. ఆయనకు అనుమానం రాకుండా ఎకోను హెడ్‌ఫోన్లకు పంపుకుని, తానొక్కతే విని సరిచూసుకుంది. కమ్మగా ఉంది. ఈ పని ఇంత బాగా చేసేవాళ్లు ఇటువైపు ఇంకెవరూ లేరని ఆమెకు గట్టి నమ్మకం. అది నిజం కూడా. అంతలో గంట మోగింది, తెర లేచింది.

రాయబారం సీను వచ్చింది. తిమ్మన్న పద్యం ఎత్తుకున్నాడు. చివర్లో రాగం పైకి పోయింది, ఇంకా పైకి పోయింది, అక్కడే నిలబడింది. హెడ్‌ఫోన్లలో శివకుమారికి ఒళ్లు పులకరించింది. జనం 'వన్స్ మోర్' అన్నారు. తిమ్మన్న పాడాడు. మళ్లీ 'వన్స్ మోర్' అన్నారు. మళ్లీ పాడాడు. పక్కన నిలబడిన దేవేంద్రప్ప పైగుడ్డతో కళ్లొత్తుకున్నాడు.

తెర దిగగానే ఆయనే వచ్చి తిమ్మన్న చేతులు పట్టుకున్నాడు. "ఏమప్పా తిమ్మన్నా, నువ్వు బతికున్నన్నాళ్లూ ఈ వేషం నీదే."

తిమ్మన్న నేరుగా కీబోర్డు దగ్గరికొచ్చాడు. "సూస్తివా పాపా? గొంతంటే ఇదీ. ఎకో పెడతానంటివే."

శివకుమారి ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ అంత పని చేసి నోరు కుట్టుకుని కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది?

"కోపం చేసుకోవద్దు మామా. నేను పెట్టినా. నీకు ఊపిరి అందని కాడంతా నా ఎకోనే లాగింది."

తిమ్మన్న నవ్వు ఆగిపోయింది. "నిజమేనా?"

"నీ మీద ఒట్టు."

ఆయన కిరీటం తీసి కీబోర్డు మీద పెట్టాడు. "దేవేంద్రప్పా, ఈ వేషం ఇంకెవరికన్నా ఇయ్యి. అరువు గొంతుతో నేను కృష్ణుడు కట్టలేను" అన్నాడు. మొహాన రంగు కూడా కడుక్కోకుండా బస్టాండు దారి పట్టాడు. దేవేంద్రప్ప బతిమాలుతూ వెంటపడ్డా వెనక్కి తిరగలేదు.

రెండు రోజులు పోతే ఆయనే చల్లబడతాడులే అనుకుంది శివకుమారి. తాను చేసింది మంచి పనే. ఆ ధీమాతోనే కీబోర్డు ఆపబోతూ స్క్రీన్ వైపు చూసింది. ఎకో దారి చివర ఇంకా 'హెడ్‌ఫోన్లు' అనే ఉంది.

పెద్ద బాక్సులకు ఆమె తిప్పనే లేదు. ఊరు ఊరంతా వన్స్ మోర్ అన్నది తిమ్మన్న ఒట్టి గొంతుకే. ఎకో విన్నది శివకుమారి ఒక్కతే.