శనివారం బుర్ర

ఏ పిల్లకి ఏ రోజు బుర్ర చురుగ్గా ఉంటుందో చేతి కడియమే కనిపెట్టి చెబితే, బడి ఆ రోజే పరీక్ష పెట్టే కాలమది. గుంటూరు పక్క ఊళ్లో, యూదుల పిల్ల కెజియాకి అది శనివారమని తేలింది.

"శనివారం మాకు సబ్బాతండీ, ఏ పనీ ముట్టని విశ్రాంతి రోజు. మా పిల్ల పరీక్ష రాయదు," అంది తల్లి రిబ్కా, రొట్టెల పిండి పిసుకుతూనే.

"మిగతా రోజుల్లో సగం మార్కులే వస్తాయమ్మా," అన్నాడు గోడ మీది తెరలోంచి బడివాళ్ల మరమేష్టారు. "శనివారం అమ్మాయి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది!"

రిబ్కాకి ఒళ్లు మండింది. "ఎందుకు పనిచెయ్యదూ? మీ పీడ లేకుండా అది హాయిగా ఉండేది ఆ ఒక్కరోజేగా! అదీ లాక్కుంటే ఇంకెక్కడి పాదరసం?"

మేష్టారు పిల్లవైపు తిరిగాడు. "పైచదువు సీటు పోతుందమ్మా, ఆలోచించుకో."

కెజియా కడియం ఊడదీసి కందిపప్పు డబ్బాలో పడేసింది.

"ఆదివారం రాస్తాను సార్. ఆ సగం మార్కులే వేసుకోండి."