గాజు చెప్పిన లెక్క

తణుకులో ఇప్పుడు పిల్లలు కలగని కోడళ్లందరి చేతికీ హార్మోన్ గాజే. మందు అదే ఎక్కిస్తుంది, కడుపులో ఎన్ని అండాలు ఎదిగాయో ఇంటిల్లిపాదికీ వినబడేలా అదే చెబుతుంది.

"ఇరవై ఏడు," అంది ఆ ఉదయం హైమవతి గాజు.

కోళ్ల ఫారం నడిపే అత్తగారు మంగతాయారు వీధంతా లడ్డూలు పంచి వచ్చింది. ఈలోగా హైమవతి పొట్ట డప్పులా బిగిసింది. చీర కుచ్చిళ్లు నిలవడం లేదు.

"అత్తయ్యా, ఊపిరాడట్లేదు."

"మందు ఎక్కువైంది. పొట్టలో నీరు చేరుతోంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి," అంది గాజు.

మంగతాయారు కారు తాళాలు అందుకుంది. గుమ్మం దాకా వెళ్లి, వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, వెనక్కొచ్చి కూర్చుంది.

"ఇంకో మూడే కదమ్మా, ఓర్చుకో. ముప్ఫై అయితే ట్రే నిండుతుంది. నిండని ట్రే మన గుమ్మం ఎప్పుడూ దాటలేదు."