దరువు దొంగ

ఉషిరోహామ డోలు సంఘం పెద్దలారా, కుజే మొతొహారుని దొంగ అన్నది మీరే.

పండగ పూట, పదిమందిలో, ఎనభై రెండేళ్ళ మనిషిని.

మీ మాట విని ఆయన సంచీ వీధిలో పెట్టింది సత్రం నడిపే ఇసాకో. ఆమె తప్పూ తక్కువేం కాదు. కాకపోతే ఆమెకి ఇప్పుడు ముద్ద దిగడం లేదు. మీకు దిగుతోంది.

ఆ పొద్దున కుజే గారు సత్రంలో నాచు పులుసు గిన్నె అడుగుదాకా తాగి అడిగారు.

"అమ్మా, మీ ఊరి పండగ డోలు నన్ను వాయించనిస్తారా? ఒక్క దరువు చాలు."

"బయటివాళ్ళని మావాళ్ళు చెయ్యి కూడా వెయ్యనివ్వరు పెద్దాయనా."

"అడిగి చూద్దాం. పోతే పరువేగా. ఈ వయసులో దాన్ని మాత్రం ఎన్నాళ్ళని మోస్తాను?"

ఇసాకో నవ్వింది. డోళ్ళ పాకకి తనే తీసుకెళ్ళింది.

సంఘం పెద్ద కదోవాకి డోలు తాళ్ళు బిగిస్తున్నాడు. తలెత్తి చూడగానే గుర్తుపట్టాడు.

"మొన్న టీవీలో తోక కోటు వేసుకుని, వెనకాల యాభై వయొలిన్లు పెట్టుకుని, రాగి గంగాళాల్లాంటి డోళ్ళ మీద మా దరువు కొట్టింది నువ్వేగా?"

"నేనే."

"ఒక చెయ్యి డోలు మీద, ఇంకో చెయ్యి తెల్లవాళ్ళ గంగాళం మీద. నాచు పులుసులో మీగడ పోసినట్టు."

పాకలో అందరూ నవ్వారు. కుజే గారూ నవ్వారు.

"మీగడ పోసినా పులుసు పులుసే కదండీ."

"ఈ ఊళ్ళో పుట్టావా?"

"లేదు."

"మరి ఎవరు నేర్పారు? మా దరువు ఈ తీరం దాటకూడదు. నాలుగొందల ఏళ్ళ కట్టుబాటు. తండ్రి కొడుక్కి చెప్పాలి, వాడు వాడి కొడుక్కి చెప్పాలి. నీకెవరు చెప్పారు?"

కుజే గారు తల అడ్డంగా ఊపారు.

"అది చెప్పలేను."

"ఎక్కడిదో చెప్పలేని సొత్తుని ఏమంటారో తెలుసా? దొంగసొత్తు అంటారు."

"వాయించను లెండి. ఓ మూల కూర్చుని వింటాను. వచ్చే ఏడాదికి ఉంటానో లేదో."

"మళ్ళీ విని మళ్ళీ ఎత్తుకుపోతావా?" కదోవాకి ఇసాకో వైపు తిరిగాడు. "ఏమ్మా ఇసాకో, నీ సత్రంలో దొంగలకి కూడా పరుపులు పరుస్తున్నావా?"

ఆ ఊళ్ళో బతకాల్సిన మనిషి ఇసాకో. సంచీ తెచ్చి గుమ్మం బయట పెట్టింది. అంతటితో ఆగిందా? పీడ వదలడానికి చల్లే ఉప్పు గుప్పెడు తీసి ఆయన వెనకే చల్లింది.

ఆయన వెనక్కి తిరిగారు. బూట్ల మీద ఉప్పు రవ్వలు. నడుము వంచి నమస్కారం చేశారు.

"పులుసు చాలా బాగుందమ్మా."

బస్సుకి ఇంకా గంట టైముంది. ఈలోగా డోలు మొదలైంది. బస్టాపు దాకా వినపడుతుంది.

ఇసాకో అటువైపు కిటికీ మూసేసింది. చూస్తే జాలేస్తుందని.

డిసెంబరులో ఇసాకోకి కార్డు వచ్చింది. మా ఇంట చావు జరిగింది, ఈసారి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు పంపలేం అని కుజే గారి భార్య వేయించిన కార్డు. అడుగున చేత్తో రాసిన రెండు ముక్కలు.

"పండగ నుంచి వచ్చి మంచం పట్టారు. అక్కడ అందరూ ఎంతో బాగా చూసుకున్నారని పోయేదాకా చెప్పారు."

అది ఎవరికీ చూపించలేక, దాచుకోలేక, కొండ అవతల చెల్లెలింట్లో ఉంటున్న తల్లి దగ్గరికి పట్టుకెళ్ళింది ఇసాకో. జరిగిందంతా చెప్పింది.

ఎనభై ఆరేళ్ళ ముసలమ్మ కార్డు మీది పేరు చదివింది. మళ్ళీ చదివింది.

"దొంగ అంటే ఏమీ అనలేదా?"

"పులుసు బాగుందన్నాడు."

"ఇంకేమంటాడు, పిచ్చి తండ్రి." ముసలమ్మ కార్డు ఒళ్ళో బోర్లించింది. "ఒట్టు వేసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. ఇంక ఎవరికోసం దాచాలి? విను."

విన్నాక ఇసాకో అక్కడ టీ కూడా తాగలేదు.

సంఘం కొత్త సంవత్సరం విందులో ఉంది. ఇసాకో చెప్పులతోనే చాపల మీదికి నడిచింది.

"చెప్పులమ్మా, చెప్పులు," అన్నారెవరో.

"ఉండనీ. కదోవాకి అన్నా, ఉప్పెన వచ్చిన ఏడు నీకెన్నేళ్ళు?"

"ఆరు. ఇప్పుడెందుకది?"

"మీ నాన్న బతికాడా?"

"పోయాడు. డోలు పట్టేవాళ్ళంతా ఒకే పడవలో పోయారు. డోళ్ళూ పోయాయి. ఊరందరికీ తెలిసిందేగా."

"మరి నీకు దరువు ఎవరు చెప్పారు?"

"అమ్మ. నోటితో చెప్పింది."

"అమ్మకెవరు చెప్పారు?"

కదోవాకి చేతిలో గిన్నె కిందికి దిగింది.

"ఆడవాళ్ళని డోలు దగ్గరికి రానిచ్చారా ఎప్పుడైనా? మన అమ్మలకి ఒక్క దెబ్బ తెలియదు. బడికి ఒక్క ఏడాది బ్యాండు మాష్టారుగా వచ్చిన ఇరవై రెండేళ్ళ పరాయివాడు, వాళ్ళు వల లాగుతూ పాడే పాటకి తన బ్యాండు తాళం కలిపి కొత్తగా కట్టిచ్చాడు. అంతా కొట్టుకుపోయిందని పిల్లలకి తెలియకూడదు, ఇది పాతదేనని చెప్పాలి, అని అందరూ కలిసి ఒట్టు వేసుకున్నారు. అతనూ వేశాడు."

ఇసాకో కార్డు తీసి కదోవాకి ముందు పెట్టింది.

"రేపు మొదటి బస్సెక్కండి, నేనూ వస్తాను. మీ నాన్నల దరువు మీ నాన్నలదిగానే ఉండాలని దొంగ అనిపించుకుని పోయిన కుజే మాష్టారి సమాధి ముందు అందరం నుదురు నేలకానించాలి."