మంత్రిగారు చేర్పించిన వాక్యం

ముసాయిదా చదివి మంత్రిగారు పెదవి విరిచారు.

“ఇదేం రాత అల్లుడూ? దీంతో మా బావమరిది కూడా ఒడ్డున పడతాడు.”

వంతెన కూలిన కేసులో బావాబావమరుదులిద్దరికీ శిక్ష పడింది. శిక్ష పడినవాళ్లు ఎన్నికల్లో నిలబడకూడదు. ఈ పదవీకాలం ముగిస్తే మంత్రిగారి పనీ ముగిసినట్టే. అందుకే పాత కేసులకు కూడా వర్తించేలా ఆ నిషేధాన్ని ఎత్తేసే చట్టం ఒకటి వండిస్తున్నారు. వండేది ప్లీడరు అల్లుడు. మంత్రిగారికి సిగ్గు తప్ప అన్నీ ఉన్నాయి.

బావమరిది కూడా మొదట అప్పీలు వేశాడు. వంతెన కింద పోయినవాళ్ల ఇళ్లకు ఒకసారి వెళ్లొచ్చి, “తప్పులో నాకూ భాగముంది” అని వెనక్కి తీసుకున్నాడు. అప్పట్నుంచి జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. అది తలుచుకుంటే మంత్రిగారికి ఒళ్లు మండుతుంది.

“వట్టి చవట. గెలిచే అప్పీలు చేజేతులా వదులుకున్నాడు. రాయి. అప్పీలు వెనక్కి తీసుకున్నవాళ్లకు ఈ చట్టం వర్తించదు.”

అల్లుడు కలం ఎత్తాడు గానీ కాగితం మీద పెట్టలేదు. దగ్గాడు.

“మావయ్యా, ఆ మాట కొంచెం...”

“నీ దగ్గు తర్వాత దగ్గు. రేపు వాడికి బుద్ధొచ్చి మళ్లీ అప్పీలు వేస్తేనో? అదీ రాయి. ఒకసారి వెనక్కి తీసుకున్నాక, మళ్లీ వేసినా చెల్లదు.”

“మళ్లీ వేసినా అంటే, మనకి...”

“నీకు ఆ నల్లకోటు కుట్టించిందే నేను. నాకు పాఠాలు చెప్పకు. రాయమంటే రాయి.”

అల్లుడు రాశాడు. ఇంకోసారి దగ్గబోయి మానుకున్నాడు.

చట్టం బల్లచరుపుల మధ్య గట్టెక్కింది. నామినేషను వెయ్యడానికి మంత్రిగారు బ్యాండు మేళంతో బయల్దేరారు. ఎన్నికల అధికారి ఆయన కాగితాలు చూశాడు, కొత్త చట్టం తిరగేశాడు, కుదరదన్నాడు. బయట బ్యాండువాళ్లు కాసేపు వాయించి, ఎవరూ చెప్పకుండానే ఆపేశారు.

కారెక్కగానే మంత్రిగారు అల్లుడి మీద విరుచుకుపడ్డారు.

“నా కోసం రాయించిన చట్టం నాకే వర్తించదా? నా అప్పీలు ఇంకా కోర్టులోనే ఉంది కదయ్యా.”

అల్లుడు ఈసారి తీరిగ్గా, కడుపారా దగ్గాడు.

“ఉంది మావయ్యా, కానీ పోయినేడాది ఆ జడ్జి మన మాట వినే రకం కాదని మొదటి అప్పీలు వెనక్కి తీసుకుని, ఇంకో జడ్జి దగ్గర మళ్లీ వేయించింది మీరే.”