కొట్టేసిన మాట

ప్రెస్సులో అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. ముసలి ప్రూఫ్‌రీడర్ ఒక్కడే కూర్చుని ఎవరో కొత్త రచయిత రాసిన దెయ్యం కథ దిద్దుతున్నాడు. అక్కర్లేని మాట కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. ‘భయంకరమైన’ కొట్టేశాడు. ‘గుండెలు అదిరేలా’ కొట్టేశాడు. మామూలుగా చెబితేనే జనం నమ్ముతారని ఆయన పట్టుదల.

చివరి వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది.

‘చనిపోయిన కూతురు తండ్రి కోసం వచ్చింది.’

ఆయన కూతురు పోయి రేపటికి ఏడాది. చాలాసేపు చూసి, మొదటి మాట కొట్టేశాడు.

‘కూతురు తండ్రి కోసం వచ్చింది.’

ఎంత మామూలుగా ఉందో!

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపు దగ్గరికొచ్చి ఆగింది.

“నాన్నా, అన్నం చల్లారిపోతోంది.”

కూతురు బతికున్నన్నాళ్లూ ఆ పిలుపుకు ఆయన, తల ఎత్తకుండానే, “ఒక్క పేజీ, తల్లీ” అనేవాడు.

ఈసారి పెన్నుకు మూత పెట్టి, లైటు ఆర్పేసి, లేచాడు.