నాలుగో అంచు

సూదిలోకి దారం ఎక్కడం లేదు.

సుబ్బరత్నం దారం కొసను నోట్లో తడిపి, పురిపెట్టి మళ్లీ ప్రయత్నించింది. దారం బెజ్జం పక్కనుంచి జారిపోయింది.

"ఇలా తే అమ్మా," అంటూ సాయిశ్రీ సూది అందుకుని ఒక్కసారికే ఎక్కించేసింది. "దీనికే అంత చెమటలేంటి నీకు?"

"నీకేం తెలుసే," అంది సుబ్బరత్నం.

గన్నవరంలో అత్తవారింటి నుంచి ఈమధ్యే సూట్‌కేసుతో దిగింది సాయిశ్రీ. కాన్పు అయ్యేదాకా ఇక్కడే ఉంటానంది. ఆ రోజే సుబ్బరత్నం ట్రంకుపెట్టెలోంచి పాత చీరలు తీసి, పసిబిడ్డ బొంత మొదలుపెట్టింది.

మంగళగిరిలో నేతవాళ్ల ఇల్లు. మెత్తబడ్డ నూలు చీరలకీ, మగ్గం దగ్గర మిగిలే ముక్కలకీ కొదవ లేదు. బొంతలు కుట్టడమంటే సుబ్బరత్నానికి సరదా. మామిడిపండు రంగు ముక్క పక్కన ఏది పెడితే బాగుంటుందా అని పూటంతా ఆలోచించేది. ముదురాకుపచ్చ కుదిరిందంటే ఇక ఆ రోజు కూర మాడినా పట్టేది కాదు. విసుగులూ ఉండేవి. కుడుతుండగానే కింది పొర జరిగిపోతుంది. పైకి నున్నగా కనిపించే బొంత తిరగేసి చూస్తే కింద మడత పడి ఉంటుంది. కుట్టినదంతా విప్పుకోవాలి. తిట్టుకుంటూనే విప్పి, మళ్లీ కూర్చునేది.

ఈసారి ఆ సరదా లేదు. భయమే ఉంది.

పసిబిడ్డ బొంతకి మూడు అంచులే మూయాలి. బిడ్డ ఏడుపు చెవిన పడ్డాకే నాలుగో అంచు కుట్టాలి. వాళ్ల అమ్మమ్మ నాటి పట్టింపు అది. సాయిశ్రీ తర్వాత పుట్టవలసినవాడికి సుబ్బరత్నం ముచ్చటపడి, ముందే నాలుగు అంచులూ మూసేసింది. ఆ బొంత మీద పడుకోబెట్టడానికి బిడ్డ మిగల్లేదు.

ఆ సంగతి పైకి అనడానికి కూడా ఆమెకు భయం. కూతురికీ చెప్పలేదు.

సాయిశ్రీ బిందె ఎత్తుకుని పంపు దగ్గరికి బయలుదేరింది.

"నువ్వు మొయ్యడమేంటే?"

"మరెవరు మోస్తారు, నువ్వా?" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

పక్కింటి మాణిక్యం గుమ్మంలోకి వచ్చింది. సుబ్బరత్నం గబగబా బొంతను ఒళ్లోకి లాక్కుంది.

"లేవకు వదినా, నీ పని కానీ," అని మాణిక్యం చాపమీద చతికిలబడింది. "ఈమధ్య అసలు బయటికే రావడం లేదేంటి? కూతురు దిగిందంటే కాన్పు కబురేగా. ఎన్నో నెల?"

"ఎనిమిది నడుస్తోంది."

"ఎనిమిదా? పిల్ల అంత బిందె చంకన పెట్టుకుని గంతులేస్తోంది. నమ్మేట్టు లేదే."

సుబ్బరత్నం ముఖం పాలిపోయింది. సూది వేలికి గుచ్చుకుంది. తెల్ల ముక్క మీద నెత్తుటి చుక్క పడింది. మాణిక్యం వెళ్లాక ఆ చుక్కను ఉమ్మితో రుద్దింది, నీళ్లతో రుద్దింది. పోలేదు. దాన్నే చూస్తూ కూర్చుంది.

"అత్తారింట్లో ఏమనుకుంటున్నారే?" అని అడిగింది సాయిశ్రీని.

"ఏమనుకుంటారు? అమ్మ దగ్గరికెళ్తానన్నాను, పంపించారు. మీ అల్లుడే బస్సెక్కించాడు. అన్నీ నువ్వే ఊహించుకుని బెంగపడతావు."

మధ్యాహ్నం సుబ్బరత్నానికి కునుకు పట్టింది. లేచేసరికి సాయిశ్రీ బొంతను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని ఉంది.

"ఎలా ఉంది? ఒక్క వైపేగా మిగిలిందని నేనే కుట్టేశా. నీ కుట్టంత సన్నంగా రాలేదనుకో."

నాలుగు అంచులూ మూసి ఉన్నాయి.

సుబ్బరత్నం అరవలేదు. "విప్పు," అంది.

"ఎందుకు?"

"విప్పవే తల్లీ. నీ తర్వాతవాడికి నేనూ ఇలాగే ముందు మూసేశాను."

సాయిశ్రీ నవ్వబోయింది. తల్లి ముఖం చూసి ఆగిపోయింది. బ్లేడు తెచ్చింది. ఇద్దరూ చెరో కొసన కూర్చుని విప్పసాగారు. ముచ్చటపడి కుట్టిన కుట్లు, దగ్గరదగ్గరగా ఉన్నాయి. బ్లేడు పెడితే మెత్తని నూలు కూడా చిరుగుతోంది.

సగం కూడా విప్పలేదు. నొప్పులు మొదలయ్యాయి.

ఇంకా నెల ఉంది.

సుబ్బరత్నం భర్త చౌడయ్య మగ్గం గుంటలోంచి ఒక్క ఉదుటున లేచి ఆటో కోసం పరుగెత్తాడు. బెజవాడ ఆసుపత్రికి పోనిమ్మన్నాడు. ఆటో కుదుపుల్లోనూ సుబ్బరత్నం బొంత వదల్లేదు. గోళ్లతో కుట్లు లాగుతోంది. తెగకపోతే పళ్లతో కొరుకుతోంది.

"నేను చూసుకుంటాను, నువ్వు ఊరుకో అమ్మా," అంది సాయిశ్రీ. "నాకు తెలీక చేశాను. తెలిస్తే చేస్తానా?"

"నిన్నేమీ అనలేదే. నువ్వు విప్పు."

బ్యారేజీ మీద బస్సు అడ్డుపడి ఆటో ఆగింది. ఆటోలో దారాలు తెగుతున్న చప్పుడే.

ఆసుపత్రి తలుపు దగ్గర నర్సు సుబ్బరత్నం చేతుల్లోంచి బొంత లాగేసింది.

"ఇది లోపలికి తేకూడదమ్మా."

"ఇంకొంచెమే ఉంది. ఏవండీ, మీరు విప్పండి," అంది సుబ్బరత్నం భర్తతో. "ఆపకండి."

తలుపు మూసుకుంది.

చౌడయ్య వరండాలో గోడకి జారబడి కూర్చున్నాడు. పోగులు అతకడమే జీవితమంతా చేసిన చేతులు. దారం కొస దొరకడం లేదు. దొరికిందనుకుంటే కుట్టు మరింత బిగుసుకుంటోంది. లోపల మాటలు వినిపించాయి. ఏవో పళ్లేలు పెట్టిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దానికి ఆయన తల ఎత్తలేదు. కుట్టు వెనక కుట్టు లాగుతూనే ఉన్నాడు.

ఇంకా జానెడు అంచు మిగిలి ఉండగానే సన్నగా ఏడుపు వినిపించింది.

తలుపు తెరుచుకుంది.

"మగపిల్లాడండీ. చిన్నగా ఉన్నాడు గానీ గట్టివాడే. తల్లీ బిడ్డా క్షేమం," అంది నర్సు.

మందుల షాపు నుంచి పరుగున వచ్చిన సాయిశ్రీ, నర్సు చేతుల్లోంచి ఇన్నేళ్లకి పుట్టిన తమ్ముణ్ణి అందుకుంది.